తవుడు తెలిసిన ఇంటి పిల్లకు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. మాది మిర్యాలగూడ. ఈ ఏడు ఇంటర్ బైపీసీ అయిపోయింది, 1000కి 921 మార్కులు వచ్చాయి. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. మళ్లీ లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపే స్తోమత మా ఇంట్లో లేదు, నాకూ వెళ్లాలని లేదు. మా నాన్న రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. మా పిన్ని అంగన్‌వాడీ టీచర్. సెలవుల్లో ఆమె సెంటర్‌కు పోయి పిల్లల్ని తూచేదాన్ని, రిజిస్టర్ రాసిపెట్టేదాన్ని. ఒకే వీధిలో, ఒకేలాంటి ఇళ్లలో ఒక పిల్లాడు బరువు పెరుగుతాడు, ఇంకొకడు పెరగడు. ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మా అమ్మకు ఎప్పుడూ రక్తం తక్కువే. అందుకే న్యూట్రిషన్ చదవాలని ఉంది. మా మామయ్య "వంట నేర్చుకోడానికి హైదరాబాద్ పోవాలా, మీ అమ్మ నేర్పదా" అన్నాడు. నాన్న బీఎస్సీ నర్సింగ్ చెయ్యమంటున్నాడు. బాబాయి దూరవిద్యలో కట్టేస్తే ఇంట్లో ఉండే చదువుకోవచ్చంటున్నాడు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఈ చదువు నాకు వస్తుందా? చదివితే ఉద్యోగం ఉంటుందా? ఎక్కడ చేరాలి?
ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

సమాధానం:

తల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకే వీధిలో ఒకడు బరువు పెరిగి ఇంకొకడు ఎందుకు పెరగలేదని అడిగావు చూడు, అక్కడ ఆగిపోయాను. పాతికేళ్లు ఈ సబ్జెక్టు పాఠం చెప్పాను. ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని మొదటి ఏడాది క్లాసులోకి అడుగుపెట్టిన పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నువ్వు అడిగిన వాటన్నిటికీ జవాబు చెబుతాను. ముందు మీ మామయ్య మాట సంగతి చూద్దాం.

ఆయనతో వాదనకు దిగకు. మీ నాన్న పనిచేసే మిల్లు గురించే ఒక కథ ఉంది, అది చెప్పు.

వడ్లు మిల్లులో పడ్డాక ఊక పోతుంది, తవుడు పోతుంది, తెల్లటి బియ్యం బయటికొస్తాయి. వందేళ్ల కిందట ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే ఇప్పటి కోస్తా ఆంధ్రలో, ఇలాంటి తెల్ల బియ్యం మీదే బతికే ఇళ్లలో బెరిబెరి అనే జబ్బు ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పేవి. కొందరికి ఒళ్లంతా నీరు దిగి గుండె ఆగిపోయేది. తల్లిపాలు తాగే పసివాళ్లు కూడా పోయేవాళ్లు. అదే కాలంలో తమిళనాట, బెంగాల్లో కూడా జనానికి అన్నమే ఆధారం. అక్కడ మాత్రం ఈ జబ్బు అరుదు. వాళ్లు తినేది ఉప్పుడు బియ్యం, సర్కారు జిల్లాల వాళ్లు తినేది పచ్చి బియ్యం. అంతే తేడా.

ఉప్పుడు బియ్యం కోసం వడ్లు నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు, తవుడు పొరలో ఉన్న బి1 విటమిన్, అంటే థయమిన్, నీళ్లతోపాటు గింజ లోపలికి దిగుతుంది. ఆ వేడికి లోపలి పిండి పదార్థం ఉడికి, ఆరాక గట్టిపడి, దాన్ని పట్టుకుని ఉంచుతుంది. తర్వాత ఎంత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. మన పాత ఆహార పట్టికల్లో చూస్తే 100 గ్రాముల పచ్చి మిల్లు బియ్యంలో థయమిన్ 0.06 మిల్లీగ్రాములు, ఉప్పుడు మిల్లు బియ్యంలో 0.21. మూడు రెట్లకు పైనే. వేలమంది ప్రాణాలు ఆ తేడా మీద నిలబడ్డాయి. మీ నాన్న రోజూ బాయిలర్ దగ్గర నిలబడి వడ్లకు పట్టే ఆవిరి ఇదే. యాసంగి వడ్లు పచ్చిగా ఆడితే నూకలైపోతాయని మన మిల్లుల్లో బాయిల్ చేస్తారు. ఆ పనిలో ఒక విటమిన్ కూడా గింజలో దాగుతుందన్న సంగతి ఎంతమందికి తెలుసు?

1890ల్లో జావాలో ఐక్‌మన్ అనే డచ్ డాక్టరు, తెల్ల అన్నం తిన్న కోళ్లు కాళ్లు పడిపోవడం, తవుడు పోని బియ్యం పెడితే మళ్లీ లేచి తిరగడం గమనించాడు. మన దేశంలో 1918లో నీలగిరి కొండల్లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి మీద ఒక చిన్న విచారణ కేంద్రం మొదలుపెట్టాడు. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పెట్టుకుంది. తార్నాకలో ఉంది. ఊళ్లో అందరూ ఎన్ఐఎన్ అంటారు. తవుడు ఎందుకు ముఖ్యమో తేల్చడానికి పుట్టిన సంస్థ, మీ ఊరి నుంచి బస్సెక్కితే ఒక్క పూట ప్రయాణం. వంట నేర్పే చదువైతే దానికి అంత పెద్ద ప్రయోగశాల అక్కరలేదు కదా.

మీ జిల్లాకు ఇంకో ముడి కూడా ఉంది. ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన నడుములు, వంకరపోయిన కాళ్లు నువ్వు చిన్నప్పటి నుంచీ చూసే ఉంటావు. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అని మీ జిల్లా పేరే పెట్టుకున్నారు. అవే నీళ్లు తాగినా, తిండిలో క్యాల్షియం తక్కువైన పిల్లల ఎముకల మీద దెబ్బ ఎక్కువ పడుతుంది. నీళ్ల సమస్య అనుకున్నది పళ్లెం దాకా వచ్చింది చూడు. నీ ప్రశ్నలో ఉన్న ఆ ఇద్దరు పిల్లల మధ్య తేడా కూడా ఇలాంటి చోటే ఎక్కడో ఉంటుంది. విరేచనాలు, నులిపురుగులు, తల్లి పొలానికి పోయే వేళలు, ఆరో నెల తర్వాత పాలతోపాటు ఏం పెట్టారన్నది, రోజుకు ఎన్నిసార్లు పెట్టారన్నది, అన్నీ చూడాలి. ఒక్క జవాబు ఉండదు. అది ఓపిగ్గా వెతకడం నేర్పుతుంది ఈ చదువు.

ఇప్పుడు నీకు వస్తుందా అన్న మాట.

కొత్తగా చేరిన పిల్లలకు మొదటి ఏడాది గట్టిగా తగిలేది బయోకెమిస్ట్రీ. తిండి గురించి చెబుతారనుకుని వస్తారు, బోర్డు మీద గ్లూకోజ్ అణువు ముక్కలై చక్రం తిరుగుతుంటుంది. దానితోపాటు ఫిజియాలజీ, ఆహార రసాయనశాస్త్రం, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్. వంట ప్రయోగశాల కూడా ఉంటుంది. అక్కడ కూడా తూనిక, కొలత, ఉష్ణోగ్రత, ఎంత వండితే ఎంత విటమిన్ పోయిందన్న లెక్కలే ఎక్కువ. బైపీసీలో 921 తెచ్చుకున్నదానివి, కెమిస్ట్రీకి భయపడే పని లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. కందిపప్పులో ప్రోటీన్ ఎంతుందని ఎలా కనుక్కుంటాం? ప్రోటీన్‌ను నేరుగా తూచం. పప్పును గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించి, అందులోని నత్రజనిని అమ్మోనియాగా తీసి, దాన్ని కొలిచి 6.25తో గుణిస్తాం. ప్రోటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి ఆ లెక్క. దీన్ని జెల్దాల్ పద్ధతి అంటారు. ఇందులో ఒక లొసుగు ఉంది. నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందో ఈ పరీక్షకు తెలియదు. 2008లో చైనాలో నీళ్లు కలిపిన పాలలో మెలమిన్ అనే నత్రజని ఎక్కువున్న రసాయనం కలిపి ప్రోటీన్ ఉన్నట్టు చూపించారు. పసిపిల్లల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, కొందరు చనిపోయారు. మా క్లాసులో ఈ పాఠం అయ్యాక పిల్లలు కాసేపు ఏమీ మాట్లాడేవాళ్లు కాదు. డబ్బా మీద రాసిన అంకెను ఆ తర్వాత ఎవరూ ముందులా చదవరు.

తెలుగు మీడియం గురించి బెంగ పెట్టుకోకు, కానీ తేలిగ్గా కూడా తీసుకోకు. పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. మొదటి ఆరు నెలలు కష్టం. నా దగ్గర చదివిన పిల్లల్లో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఒక సొంత నోటు పుస్తకం పెట్టించేదాన్ని. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తన ఊళ్లో తన అమ్మతో చెబితే ఎలా చెబుతుందో ఆ మాట. మూడో ఏడాది గ్రామాలకు సర్వేకు వెళ్లినప్పుడు ఆ నోటు పుస్తకం ఉన్నవాళ్లే బాగా మాట్లాడేవాళ్లు. సిటీలో చదివిన పిల్లలు "కార్బోహైడ్రేట్స్ తగ్గించండి" అని చెప్పి తెల్లమొహం వేసేవాళ్లు.

సర్వే అనగానే నా చదువు రోజుల సంగతి ఒకటి చెప్పాలి. 24 గంటల రీకాల్ అని ఒక పద్ధతి ఉంది. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఈ పొద్దు లేచేదాకా ఏమేం తిన్నావో గుర్తుచేసుకుని చెప్పించి, గిన్నెల కొలతతో లెక్కకట్టడం. ఎంఎస్సీలో ఉండగా ఒక ఊళ్లో ఒక ఇంటికి వెళ్లాను. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి, చంకలో పిల్ల. ఇంట్లో ఆ రోజు ఎన్ని బియ్యం, ఎంత పప్పు, ఎంత నూనె వాడారో అడిగి, తలల లెక్కన పంచి రాసుకొచ్చాను. కాగితం మీద ఆ ఇంట్లో అందరూ బాగానే తింటున్నట్టు తేలింది. మా టీచర్ చూసి, "నువ్వు కుండను అడిగొచ్చావు, మనిషిని అడగలేదు. మళ్లీ వెళ్లు, తినే వేళకు వెళ్లు" అన్నారు. మర్నాడు రాత్రి భోజనాల వేళకు పోయి మూల కూర్చున్నాను. మామగారు తిన్నాడు, భర్త తిన్నాడు, పిల్లలు తిన్నారు. ఆఖరున ఆమె గిన్నె అడుగున మిగిలిన అన్నంలో చారు పోసుకుంది. పప్పు గిన్నె అప్పటికే ఖాళీ. కోడిగుడ్డు నాలుగు ముక్కలు చేస్తే ఆమె దాకా రాలేదు. గిన్నెలతో కొలిచి రాశాను. ముందురోజు నేను ఆమె పేరున రాసిన ప్రోటీన్‌లో సగం కూడా లేదు. అడిగితే, "మేం తింటం గదా బిడ్డా, మాకేమైంది" అంది.

ఆ రాత్రి బస్సులో వస్తూ ఇక ఈ సబ్జెక్టు వదలకూడదనుకున్నాను.

మీ అమ్మ రక్తం సంగతి కూడా ఇందుకే వేరుగా రాస్తున్నాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతానికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇద్దరిలో ఒకరికి మించి. ఎన్ఐఎన్ 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం పెద్దవయసు స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మగవాడికి 19 చాలు. ఎక్కువ అవసరమున్న మనిషి ఆఖరున తింటోంది. దానికి తోడు ఆకుకూరల్లో, గింజల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇంకా తగ్గుతుంది. పప్పులోనో తోటకూరలోనో నిమ్మకాయ పిండుకుంటే, పక్కన జామకాయ ముక్క తింటే పెరుగుతుంది. ఇవన్నీ చెప్పాక కూడా ఒక మాట: రక్తం బాగా తగ్గినప్పుడు తిండితో మాత్రమే సరిచెయ్యలేం, మాత్రలు కావాలి. అమ్మను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనతే. ఎందుకు తగ్గిందో డాక్టరు చూడాలి, నెలసరిలో ఎక్కువ పోతోందేమో అడగాలి. ఈ మాట నీకు వ్రాయకుండా చదువు గురించి ఎన్ని పేజీలు రాసినా నాకు తృప్తి ఉండదు.

అక్కడ ఇచ్చే ఎర్రటి మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి 1945లో కనిపెట్టిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. మీ మామయ్యకు ఇది కూడా చెప్పు.

ఎక్కడ చేరాలన్న ప్రశ్నకు వస్తాను. మన దగ్గర ప్రధానంగా రెండు దారులు. ఒకటి మామూలు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ. న్యూట్రిషన్‌తోపాటు జువాలజీ, కెమిస్ట్రీ లాంటి సబ్జెక్టులు కలిసి ఉంటాయి. తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి ద్వారా సీటు వస్తుంది. రెండోది వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ కమ్యూనిటీ సైన్స్. పాత పేరు హోంసైన్స్. హైదరాబాద్ సైఫాబాద్‌లో ఆ కాలేజీ ఉంది, ఆంధ్రలో గుంటూరులో ఉంది. ఇందులో పోషకాహారం ఒక భాగమే. పిల్లల ఎదుగుదల, వస్త్రాలు, గృహ నిర్వహణ, విస్తరణ విద్య (నేర్చుకున్నది ఊళ్లో జనానికి చేర్చే పద్ధతులు) కూడా చదవాలి. ఊళ్లలో పనిచెయ్యాలనే నీలాంటి పిల్లకు అది నష్టం కాదని నా అభిప్రాయం. ఆస్పత్రి డైటీషియన్ మాత్రమే కావాలనుకునేవాళ్లకు మొదటి దారే దగ్గర. ఫుడ్ టెక్నాలజీ అని ఇంకో కోర్సు కనిపిస్తుంది. అది ఫ్యాక్టరీలో తిండిని నిలవచెయ్యడం, ప్యాక్ చెయ్యడం గురించి. మనిషి ఒంటి గురించి కాదు. పేరు చూసి పొరపడకు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ప్రకటనల బోర్డు చూడొద్దు. నాన్నను తీసుకుని స్వయంగా వెళ్లు. ల్యాబ్ తలుపు తీయమని అడుగు. తీశాక తూచే బ్యాలెన్స్ మీద దుమ్ముందో లేదో చూడు. న్యూట్రిషన్ పాఠం చెప్పేవాళ్లు ఆ సబ్జెక్టులోనే ఎంఎస్సీ చేశారా, జువాలజీ మేడమ్ అదనంగా చెబుతోందా అని సీనియర్ పిల్లల్ని అడుగు. ఇంటర్న్‌షిప్‌కు ఏ ఆస్పత్రికి పంపుతారో, అక్కడ వార్డుల్లోకి వెళ్లనిస్తారో, కిచెన్‌లో ట్రేలు లెక్కపెట్టిస్తారో కనుక్కో. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా, హాస్టల్ ఉందా అన్నవి నాన్న అడుగుతాడు, అడగనీ. ఈ ప్రశ్నలకు విసుక్కునే కాలేజీ అయితే అక్కడ చేరకు.

బాబాయి చెప్పిన దూరవిద్య మాట ఇక్కడితో ఆపెయ్యాలి. 2021లో కేంద్రం అనుబంధ ఆరోగ్య వృత్తుల మీద ఒక చట్టం చేసింది. డైటీషియన్లు, న్యూట్రిషనిస్టులు అందులో ఉన్నారు. ఆ చట్టం కిందకొచ్చే ఫుడ్ అండ్ న్యూట్రిషన్ సైన్స్, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ కోర్సులను 2025 జులై–ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపకూడదని విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ ఆపేసింది. ఎవరైనా ఇప్పటికీ ఇస్తామంటే డబ్బు కట్టొద్దు. అది నిబంధన మాత్రమే కాదు, న్యాయం కూడా. రోగి మంచం పక్కన నిలబడకుండా కిడ్నీ జబ్బు మనిషికి పొటాషియం ఎంత ఇవ్వాలో ఎలా నేర్చుకుంటాం?

ఇందుకే మూడు నెలల సర్టిఫికెట్ కోర్సులంటే నాకు కోపం వస్తుంది. ఫోన్‌లో చూసే ఉంటావు, సన్నబడ్డ ఫోటోలు పెట్టి "న్యూట్రిషన్ కోచ్" అని రాసుకుంటారు. నేను ఆస్పత్రి డైట్ విభాగంలో పనిచేసిన కాలంలో, ఇన్సులిన్ తీసుకునే ఒక పెద్దాయన ఎవరో చెప్పారని ఒక్కసారిగా అన్నం మానేశాడు. ఇన్సులిన్ మోతాదు తగ్గించాలని ఆ చెప్పినవాళ్లకు తెలియదు. స్పృహ తప్పి వచ్చాడు. బతికాడు కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆహారం మందులా పనిచేస్తుందని అందరూ అంటారు. నిజమే, మోతాదు తప్పితే మందులా హాని కూడా చేస్తుంది.

ఉద్యోగం, జీతం. ఇక్కడ నీకు తీపి మాటలు చెప్పను. ఒట్టి బీఎస్సీతో ఆగిపోతే కష్టం. ఈ రంగంలో ఎంఎస్సీ దాకా వెళ్లాలని మొదటి రోజే మనసులో రాసుకో. అంటే అయిదారేళ్లు. ఉస్మానియా లాంటి విశ్వవిద్యాలయాల్లో సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాసి చేరొచ్చు. ఎన్ఐఎన్‌లో అప్లైడ్ న్యూట్రిషన్ ఎంఎస్సీ ఉంది, దానికి వేరే ఎంట్రన్స్, పోటీ గట్టిది. నువ్వు గురిపెట్టాల్సింది అదేనని నాకనిపిస్తోంది. ఆస్పత్రి వైపు వెళ్లాలంటే ఎంఎస్సీ తర్వాత ఇంటర్న్‌షిప్ చేసి, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాస్తే విలువ పెరుగుతుంది. అయినా కార్పొరేట్ ఆస్పత్రుల్లో మొదటి జీతం చిన్నదే. నా దగ్గర చదివి చేరిన పిల్లల్లో చాలామందికి మొదట నెలకు పాతిక వేల లోపే వచ్చింది. హైదరాబాద్‌లో హాస్టల్ అద్దె పోతే ఇంటికి పంపేది పెద్దగా ఉండదు. నాలుగైదేళ్ల అనుభవం వచ్చాక, కిడ్నీ, క్యాన్సర్, ఐసీయూ లాంటి విభాగాల్లో పట్టు దొరికాక పరిస్థితి మారుతుంది.

ప్రభుత్వం వైపు మహిళా శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజర్, సీడీపీవో (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) పోస్టులకు న్యూట్రిషన్, హోంసైన్స్ డిగ్రీలున్నవాళ్లు రాయొచ్చు. నోటిఫికేషన్లు ఏటా రావు, వచ్చినప్పుడు వేలమంది రాస్తారు. కానీ మీ పిన్నితో కూర్చుని రిజిస్టర్ రాసినదానివి నువ్వు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ అనే సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద ఆమె సెంటర్ నడుస్తోంది. గర్భిణులకు, బాలింతలకు అక్కడే కూర్చోబెట్టి ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చే ఆరోగ్యలక్ష్మి పథకం ఎందుకు పుట్టిందో, సర్వేలో నేను చూసిన ఆ ఇల్లు గుర్తుంటే నీకే అర్థమవుతుంది. ఇంటికి ఇచ్చి పంపితే ఆమె పళ్లెందాకా రాదు. ఆ సెంటర్‌లో పిల్లల తూకం తప్పు రాస్తే ఏమవుతుందో తెలిసిన మనిషి సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చోవాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుల అర్హతల జాబితా వేరుగా ఉంటుంది. దానిమీద ఆశ పెట్టుకునేముందు నోటిఫికేషన్ వాక్యం వాక్యం చదువు.

నాన్న చెప్పిన నర్సింగ్‌ను తీసిపారెయ్యకు. అది గౌరవమైన చదువు, నాలుగేళ్లకే చేతికి ఉద్యోగం వస్తుంది, విదేశాలకు దారి కూడా ఉంది. మీ ఇంటికి నాలుగేళ్లలో నీ జీతం తప్పనిసరి అయితే, తమ్ముళ్లో చెల్లెళ్లో నీ వెనక చదవాల్సి ఉంటే, నర్సింగ్‌లో చేరమనే నేనూ అంటాను. బీఎస్సీ నర్సింగ్ చేసి తర్వాత పోషకాహారం వైపు వచ్చినవాళ్లను ఎరుగుదును. అయిదారేళ్లు ఇల్లు నీమీద ఆధారపడకుండా నడుస్తుందంటే న్యూట్రిషన్‌కే రా. ఈ లెక్క నాన్నతో దాపరికం లేకుండా మాట్లాడు. ఫీజు, హాస్టల్, బస్సు ఛార్జీలు, ఎన్నేళ్లు, స్కాలర్‌షిప్ ఎంత, ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టు. బాయిలర్‌కు ఎంత ఊక పడితే ఎంత ఆవిరొస్తుందో రోజూ లెక్కచూసే మనిషి, అంకెలు చూస్తే ఆలోచిస్తాడు.

నీకు ఇంకో జాగ్రత్త చెప్పాలి. ఈ కోర్సులో చేరిన ఆడపిల్లలు కొందరు రెండో ఏడాదికల్లా తమ పళ్లెం మీదే లెక్కలు మొదలుపెడతారు. ఇడ్లీకి ఎన్ని కేలరీలని లెక్కపెట్టి సగం తిని లేస్తారు. హాస్టల్‌లో భోజనం మానేసి తూకం చూసుకునే పిల్లల్ని చూశాను, ఇద్దరిని ఇంటికి పంపించి డాక్టరుకు చూపించమని తల్లిదండ్రులకు చెప్పాల్సి వచ్చింది. నేర్చుకున్నది నీమీద కత్తిలా వాడుకోవద్దు. అలా మొదలైందని అనిపిస్తే వెంటనే ఎవరో ఒక టీచర్‌తో చెప్పు.

సీట్ల సందడి మొదలయ్యేదాకా నీకు కొంత టైముంది. ఒక పని చెయ్యి. వంటింటి తూకం యంత్రం ఒకటి దొరికితే తెచ్చుకో, పిన్ని దగ్గర అడిగినా సరే. ఒక వారం పాటు మీ ఇంట్లో వండే ప్రతిదాన్నీ వండకముందు తూచి రాయి. తర్వాత ఎవరి పళ్లెంలో ఎంత పడిందో రాయి, అమ్మ పళ్లెం తప్పకుండా రాయి. ఎన్ఐఎన్ 2017లో తెచ్చిన భారతీయ ఆహార పట్టికల్లో 528 ఆహారాల వివరాలున్నాయి, కాలేజీ లైబ్రరీలోనో ఫోన్‌లోనో దొరుకుతాయి. వాటితో ఇనుము, ప్రోటీన్ లెక్కకట్టు. మూడో రోజుకే విసుగొచ్చి పక్కన పడేస్తే నీకు ఈ చదువు సరిపడదు, తప్పేం లేదు. వారం అయ్యాక కూడా "ఇంకో ఇంట్లో చూస్తే ఎలా ఉంటుంది" అనిపిస్తే మాత్రం ఇంకెవరినీ అడగక్కర్లేదు.

తార్నాక వైపు వస్తే ఎన్ఐఎన్‌లో ఉన్న పోషకాహార మ్యూజియం చూడు, ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కుని రా. వచ్చేముందు మీ నాన్నను మిల్లు నుంచి నాలుగు చిన్న పొట్లాలు అడుగు: వడ్లు, తవుడు, పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యం. వడ్లను ఎన్ని గంటలు నానబెడతారో, ఆవిరి ఎంతసేపు పడతారో కూడా అడిగి రాసుకో. ఆయన చెప్పిన జవాబు, నీ వారం లెక్కలు, అమ్మ హిమోగ్లోబిన్ రిపోర్టు, మూడూ నాకు పంపు. చూసి రాస్తాను.